గోడ కంటే ముందు కాగితం: బిలాస్‌పూర్‌లో చౌక ఇల్లు కొనాలా?

రైల్వేలో జీవితమంతా పనిచేసిన మనిషికి రిటైరయ్యే ఏడాది రెండు ప్రశ్నలు ఒకేసారి ఎదురవుతాయి. క్వార్టరు ఖాళీ చేశాక ఎక్కడుండాలి? చేతికొచ్చే గ్రాట్యుటీ, పీఎఫ్, కమ్యూటేషన్ డబ్బు ఎందులో పెట్టాలి? బిలాస్‌పూర్‌లో ఈ రెండింటికీ కలిపి ఒకే జవాబు దొరికినట్టు అనిపిస్తుంది. అది పాతబడి, సగం కూలి, చవగ్గా వచ్చే ఇల్లు. తోర్వాలోనో తార్‌బాహర్‌లోనో చుచుహియాపారాలోనో ఉంటుంది. చుట్టుపక్కల ఇళ్ల ధరలో సగానికే ఇస్తామంటారు. "కప్పు మార్చి, రంగు వేయిస్తే కొత్తిల్లే" అని దలాలు చెబుతాడు. ఇంట్లోవాళ్లకు ఆశ పుడుతుంది. ఆ ఆశలో తప్పేమీ లేదు. అలాంటి ఇంటిని ఎలా పరీక్షించాలో, ఏ వరసలో పరీక్షించాలో తెలియకపోతేనే చిక్కు.

ఈ ఊళ్లో తెలుగువాళ్లకు ఈ ప్రశ్న కొత్తది కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1891 నాటికి నాగ్‌పూర్ నుంచి అసన్సోల్ దాకా పట్టాలు వేసింది. ఆ దారిలో బిలాస్‌పూర్ పెద్ద స్టేషనైంది. 1902లో కటక్ నుంచి వాల్తేరు దాకా ఉన్న తూర్పు తీరపు లైను కూడా అదే కంపెనీ చేతికి వచ్చింది. 1931లో రాయ్‌పూర్–విజయనగరం దారి పూర్తయింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి గ్యాంగ్‌మన్లుగా, ఫిట్టర్లుగా, ఫైర్‌మన్లుగా వచ్చిన కుటుంబాలు ఇక్కడి రైల్వే కాలనీల్లో స్థిరపడ్డాయి. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్ర కార్యాలయమైంది. మూడో తరం వచ్చేసరికి చాలామందికి సొంతూళ్లో భూమీ లేదు, ఇల్లూ లేదు. రైల్వే సెంట్రల్ హాస్పిటల్ ఇక్కడుంది. రిటైరైనవాళ్లకు వైద్యం అందించే పథకం కార్డు ఇక్కడ చెల్లుతుంది. ఊరికి వెళ్లాలంటే కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ ఉంది. కాబట్టి ఇక్కడే ఉండిపోదామనుకోవడం తెలివైన ఆలోచనే. ఏ ఇంట్లో ఉండాలన్నదే తేల్చుకోవాలి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పాత ఇంట్లో లోపాలు రెండు రకాలు. డబ్బు పెడితే బాగయ్యేవి కొన్ని, ఎంత పెట్టినా బాగుకానివి కొన్ని. కొనేవాళ్లు సాధారణంగా మొదటి రకంతో మొదలుపెడతారు. కప్పు చూస్తారు, గోడ చూస్తారు, మేస్త్రీని పిలుస్తారు. రెండో రకం బయానా ఇచ్చాక బయటపడుతుంది. ఈ వరసను తిరగేయాలి. బాగుచేయలేని దాన్ని ముందు చూడాలి. అక్కడ తేలకపోతే మేస్త్రీని పిలవాల్సిన పనే ఉండదు.

చౌకకు కారణం అడగాలి

ప్రపంచంలో చాలాచోట్ల ఇళ్లు కారుచౌకగా అమ్ముడవుతున్నాయి. ఇటలీలో కొన్ని పల్లెలు పాడుబడిన ఇళ్లను ఒక్క యూరోకే ఇస్తామని ప్రకటించాయి. సిసిలీలోని సాలెమీ 2008లోనే ఈ మాట చెప్పింది. ముస్సోమెలి లాంటి ఊళ్లు ఆ దారినే నడిచాయి. ఒక్క యూరో అన్నది పేరుకే. కొన్నవాళ్లు కొన్నేళ్లలోగా బాగుచేస్తామని ఒప్పుకోవాలి, ధరావతు కట్టాలి, బాగుకయ్యే ఖర్చంతా భరించాలి. జపాన్‌లో 2023 గణన ప్రకారం దాదాపు 90 లక్షల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. ఈ రెండుచోట్లా కారణం ఒకటే. మనుషులు వెళ్లిపోయారు, ఇళ్లు మిగిలిపోయాయి.

బిలాస్‌పూర్ అలాంటి ఊరు కాదు. ఇది పెరుగుతున్న నగరం. 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడగానే హైకోర్టు ఇక్కడికి వచ్చింది. బొగ్గు సంస్థ ఎస్ఈసీఎల్ కేంద్ర కార్యాలయం ఇక్కడే ఉంది. 2019లో తిఫ్రా, సిర్గిట్టీ, సక్రీ నగరపాలక సంస్థలో కలిశాయి. స్థలానికి గిరాకీ ఉన్న ఊళ్లో, కప్పు కూలినంత మాత్రాన ఇంటి ధర సగానికి పడిపోదు. కప్పు వేయించడానికి ఎంతవుతుందో అందరికీ తెలుసు. ఆ మేరకే ధర తగ్గాలి. అంతకు మించి తగ్గిందంటే ఆ తగ్గుదలకు కారణం గోడల్లో కాక ఇంకెక్కడో ఉంది. కాగితంలో ఉండొచ్చు, వారసుల మధ్య ఉండొచ్చు, నేలలో ఉండొచ్చు. ఆ కారణం పట్టుకునేదాకా ధర గురించి మాట్లాడకూడదు.

నేల ఎవరిది?

రైల్వే ఊళ్లో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది. లైను పక్కన, యార్డు వెనకాల, పాత కాలనీల అంచున ఉన్న ఇళ్లలో కొన్ని రైల్వే నేల మీదే ఉంటాయి. కరెంటు మీటరు ఉంటుంది, కుళాయి ఉంటుంది, ఇంటిపన్ను రసీదులుంటాయి, ఆధార్ మీద ఆ చిరునామా ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటీ యాజమాన్యానికి రుజువు కాదు. పన్ను ఎవరు కడుతున్నారన్నదే రసీదు చెబుతుంది. నేల ఎవరిదో చెప్పదు.

"నలభై ఏళ్లుగా ఉంటున్నాం, ఇక మాదే" అని అమ్మేవాళ్లు నమ్మకంగా అంటారు. ప్రైవేటు వ్యక్తి భూమి మీద 12 ఏళ్లు బహిరంగంగా, యజమాని హక్కును కాదంటూ స్వాధీనంలో ఉంటే హక్కు కోరవచ్చు. ప్రభుత్వ భూమికి ఆ గడువు 30 ఏళ్లు. గడువు దాటినంత మాత్రాన హక్కు దానంతటదే రాదు, కోర్టులో రుజువు చేసుకోవాలి. పైగా రైల్వే ఆస్తికి 1971 నాటి ప్రభుత్వ ప్రాంగణాల చట్టం వర్తిస్తుంది. ఎస్టేట్ ఆఫీసరు నోటీసిచ్చి, వాదన విని, ఖాళీ చేయించవచ్చు. ఆ విషయాల్లో సివిల్ కోర్టుకు వెళ్లే దారిని ఆ చట్టమే మూసింది. ఉత్తరాఖండ్‌లోని హల్ద్వానీలో రైల్వే భూమి మీద ఉన్నాయంటున్న నాలుగు వేలకు పైగా ఇళ్లను తొలగించమని హైకోర్టు ఆదేశిస్తే, 2023 జనవరి 5న సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. అక్కడివాళ్లకు ఊపిరి దొరికింది గానీ అది యాజమాన్యం కాదు. తరాలుగా ఉంటున్నవాళ్ల బాధ వేరు, వాళ్లకు పునరావాసం దక్కాలి. తెలిసి తెలిసి కొత్తగా డబ్బుపెట్టి ఆ బాధను కొనుక్కోవడం వేరు. ఇంటి దగ్గర రైల్వే సరిహద్దు రాళ్లు ఎక్కడున్నాయో చూడండి. అనుమానముంటే తహసీల్ కార్యాలయంలో దరఖాస్తుచేసి సీమాంకన్ చేయించండి, అంటే కొలిపించి హద్దులు తేల్చండి.

రైల్వేది కాకపోతే ఎవరిది? ఆంధ్రలో ఈసీ, లింకు డాక్యుమెంట్లు, అడంగల్ చూసే అలవాటున్నవాళ్లు ఇక్కడి రికార్డును కొత్తగా నేర్చుకోవాలి. ప్రైవేటు భూమైతే బీ-వన్, ఖస్రా, నక్షా అనే మూడూ చూడాలి. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ పోర్టల్ 'భుయ్యాఁ'లో ఇవి దొరుకుతాయి. బీ-వన్‌లో భూమిస్వామి పేరుంటుంది. ఖస్రాలో నంబరు, విస్తీర్ణం ఉంటాయి. కైఫియత్, అంటే వ్యాఖ్యలు రాసే గడిని తప్పకుండా చదవాలి. బ్యాంకు తాకట్టు, కోర్టు ఆదేశం లాంటివి కనిపించే చోటు అదే. అక్కడి పేరూ అమ్మే మనిషి పేరూ ఒకటి కాకపోతే అక్కడే ఆగాలి. నామాంతరణ్, అంటే పేరు మార్పు, జరిగినా అది పన్ను కోసం చేసిన నమోదే. అదొక్కటే యాజమాన్యం ఇవ్వదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. వెనకటి రిజిస్టరు దస్తావేజుల గొలుసు తెగకుండా ఉండాలి.

ఊరి పాత పేటల్లో చాలా స్థలాలు నజూల్ భూమి, అంటే ప్రభుత్వ భూమిని లీజుకిచ్చినవి. అక్కడ షీట్ నంబరు, ప్లాట్ నంబరు ఉంటాయి. లీజు గడువు తీరిందా, రెన్యువల్ అయిందా, బదిలీకి అనుమతి కావాలా, ఫ్రీహోల్డ్ అయిందా అన్నవి నజూల్ కార్యాలయంలోనే తేలాలి. గడువు తీరిన లీజు మీద ఇల్లు కొంటే ఆ బకాయి మీ తలమీదికి వస్తుంది.

నగరంలో కలిసిన పాత పల్లెల్లో ఆబాదీ భూమి ఉంటుంది. ఊరి నివాసాలకు వదిలిన నేల కాబట్టి అక్కడ ఒక్కో ఇంటికి విడి ఖస్రా ఉండకపోవచ్చు. బీదలకు ఇచ్చిన పట్టాలు మరో రకం. 1984 నాటి చట్టం కింద పట్టణాల్లోని భూమిలేనివాళ్లకు ఇచ్చిన పట్టా వాళ్లుండడానికే గానీ, ఇష్టమొచ్చినట్టు అమ్ముకోవడానికి కాదు.

ఆదివాసీ భూమిస్వామి పేరు గొలుసులో ఎక్కడ కనిపించినా మరింత జాగ్రత్త అవసరం. భూరెవిన్యూ సంహిత 165(6) సెక్షన్ ప్రకారం, షెడ్యూల్డ్ కాని ప్రాంతంలో కూడా ఆదివాసీ భూమిని ఆదివాసేతరులకు అమ్మాలంటే కలెక్టరు అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. 1959 అక్టోబరు 2 తర్వాత మోసంతో చేతులు మారిన భూమిని తిరిగి ఇప్పించడానికి 170-బి సెక్షన్ ఉంది. ఈ రక్షణ న్యాయమైనది. ఛత్తీస్‌గఢ్‌లో బయటినుంచి వచ్చి స్థిరపడ్డ మనం దాన్ని దొడ్డిదారిన దాటే బేరాల్లో పాలుపంచుకోకూడదు.

ఇక అన్నిటికంటే తరచుగా ఎదురయ్యేది నోటరీ ఇకరార్‌నామా, అంటే ఒప్పంద పత్రం. స్టాంపు కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల చేత సంతకం పెట్టించి, "కబ్జా ఇచ్చేశాం" అంటారు. వంద రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అమ్మకపు ఒప్పందం, జనరల్ పవరాఫ్ అటార్నీ, వీలునామా కలిపి చేసే బదిలీలు యాజమాన్యం ఇవ్వవని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంటి ధర సగానికి తగ్గడానికి ఈ ఒక్క కాగితమే కారణమైన సందర్భాలెన్నో. అలాంటి ఇంట్లో మీరు ఎన్నేళ్లున్నా, మీ పిల్లలు అమ్మబోయినప్పుడు వాళ్లకూ ఆ సగం ధరే వస్తుంది.

సంతకం పెట్టాల్సినవాళ్లు ఎందరు?

రైల్వే కుటుంబాల్లో ఈ ముడి ప్రత్యేకంగా ఉంటుంది. తాత ఇల్లు కట్టాడు. కొడుకుల్లో ఒకరికి ఖరగ్‌పూర్‌లో, ఒకరికి నాగ్‌పూర్‌లో ఉద్యోగం. కూతుళ్లను విశాఖపట్నం, రాయ్‌పూర్ సంబంధాలకిచ్చారు. ఇంటికి తాళం పడింది, ఏటేటా వానకు కొంత కూలింది. ఇప్పుడు బిలాస్‌పూర్‌లో మిగిలిన ఒక్క కొడుకు అమ్ముతానంటున్నాడు. ఇల్లు శిథిలం కావడానికీ, చవగ్గా రావడానికీ కారణం ఇదే. ఎవరూ ఒక్కరుగా బాగుచేయించలేదు, అందరూ కలిసి అమ్మలేదు.

తాత వీలునామా రాయకుండా పోతే కొడుకులకూ కూతుళ్లకూ, భార్య ఉంటే ఆమెకూ సమానంగా వాటా వస్తుంది. పిత్రార్జిత ఆస్తిలో కూతుళ్లకు పుట్టుకతో కొడుకులతో సమాన హక్కును 2005 సవరణ ఇచ్చింది. ఆ హక్కుకు తండ్రి ఆనాటికి బతికుండాల్సిన అవసరం లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. "అక్కచెల్లెళ్లకు పెళ్లిలో ఇచ్చేశాం, వాళ్లేమీ అడగరు" అన్నది మాట మాత్రమే. వాళ్లు దస్తావేజులో సంతకం చేయాలి, లేదా రిజిస్టరైన హక్కువిడుదల పత్రం రాసివ్వాలి. చనిపోయిన అన్న పిల్లలు మైనర్లైతే వాళ్ల వాటా అమ్మడానికి కోర్టు అనుమతి గురించి వకీలును అడగాలి.

కుటుంబ వంశవృక్షాన్ని ఒక కాగితం మీద గీయించుకోండి. ఒక్కో పేరు పక్కన మరణ ధ్రువపత్రమో సంతకమో ఉండాలి. ఖాళీ ఉన్నచోట రేపు కేసు పుడుతుంది. తర్వాత హిందీ పత్రికలో 'ఆమ్ సూచనా' వేయించండి. ఫలానా స్థలం కొంటున్నాం, అభ్యంతరముంటే ఇన్ని రోజుల్లో చెప్పండని వకీలు పేరుతో ఇచ్చే ప్రకటన అది. అయ్యేది కొద్దిపాటి ఖర్చు. దాగి ఉన్న వాటాదారు, పాత బయానాదారు, అప్పిచ్చినవాడు బయటికి రావడానికి అదే మంచి మార్గం. ఇంట్లో ఒక గదిలోనైనా అద్దెకున్నవాళ్లుంటే ఖాళీ చేశాకే రిజిస్ట్రీ అనండి. అద్దెదారుతో సహా కొంటే 2011 ఛత్తీస్‌గఢ్ అద్దె నియంత్రణ చట్టం కింద వ్యవహారం మీదవుతుంది.

ఇంకో ఉపాయముంది. చేతిలో డబ్బున్నా కొంత మొత్తానికి గృహరుణానికి దరఖాస్తు పెట్టండి. బ్యాంకు తన వకీలుతో సాధారణంగా 30 ఏళ్ల దస్తావేజులు వెతికిస్తుంది, తన ఇంజినీరుతో విలువ కట్టిస్తుంది. బ్యాంకు ఇవ్వనంటే ఎందుకివ్వనందో అడగండి. బ్యాంకుకు పనికిరాని ఇల్లు మీకు పనికొస్తుందనుకోవడానికి గట్టి కారణమే ఉండాలి.

నేల, నీరు

కాగితం తేలాక ఇంటికి వెళ్లండి. వెళ్లగానే గోడ వైపు చూడకండి, వీధి వైపు చూడండి. రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుంది. యాభై ఏళ్ల కిందట వీధికి రెండు మెట్ల పైనున్న అరుగు ఇవాళ వీధికి కిందుంటుంది. ఛత్తీస్‌గఢ్‌లో ఏటా సుమారు 1200 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. వీధి కంటే పల్లంలో ఉన్న ఇంట్లోకి ఆ నీరు రావడం ఖాయం. గచ్చు ఎత్తు పెంచితే తలుపులు పొట్టివవుతాయి, కప్పు తలకు తగులుతుంది. అంటే కప్పూ ఎత్తాలి. అప్పుడిక మరమ్మతు కాదు, కొత్త ఇల్లే కట్టాలి. మోరీ ఎటు పారుతోందో, వీధి చివర నీరు ఎక్కడికి పోతుందో కూడా చూడండి. అర్పా నది ఒడ్డునున్న పల్లపు పేటల్లో గోడల మీద నీటి చారలు వెతకండి. కొత్తగా రంగేసిన గోడ మీద చార కనిపించకపోతే పక్కింటి గోడ చూడండి. వీలైతే మేలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి చూడాలి. మేలో బోరులో నీళ్లున్నాయో లేదో తెలుస్తుంది, ఆగస్టులో మిగతావి తెలుస్తాయి.

నేల రకం గురించి ఇక్కడి రైతులకు స్పష్టమైన లెక్కలున్నాయి. భాటా, మటాసి, డోర్సా, కన్హార్ అని నాలుగు పేర్లు చెబుతారు. కన్హార్ నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని నోరు తెరుస్తుంది. లోతులేని పునాది దాని మీదుంటే ఏటా ఇల్లు కొద్దిగా లేస్తుంది, కొద్దిగా దిగుతుంది. కొత్త ఇళ్లకు అడుగున ఉబ్బెత్తుండే పైల్ పునాదులను రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే రూపొందించింది. పాత ఇంటి కింద వాటిని దింపడం మామూలు ఖర్చులో అయ్యేది కాదు. పెరట్లో రెండడుగులు తవ్వించి మట్టి చూడండి. మటాసి అయితే కొంత నయం.

బొగ్గు బండ్లు తిరిగే లైనుకు ఇల్లు ఎంత దూరమో అడుగులతో కొలవండి. అదురుడు సంగతి పక్కన పెట్టినా, మూడో లైను, నాలుగో లైను పనులు జరిగే డివిజన్ ఇది. మీ ఖస్రా నంబరు భూసేకరణ ప్రకటనలో ఉందేమో పట్వారీ దగ్గర కనుక్కోవాలి.

గోడ, కప్పు

ఇప్పుడు మేస్త్రీని పిలవొచ్చు. కానీ పని చేయబోయే మేస్త్రీ అంచనాను ఒక్కదాన్నే నమ్మకండి. పనితో సంబంధం లేని సివిల్ ఇంజినీరుకు ఫీజిచ్చి చూపించండి. మీరు చూడగలిగినవి కూడా కొన్నున్నాయి.

గోడ మీద పగుళ్లన్నీ ఒకటి కావు. గిలాబా మీద సాలెగూడులా పరుచుకున్న సన్నటి గీతలు పైపూతకు సంబంధించినవి, వాటికి భయపడక్కర్లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పోతూ, ఇటుకల అతుకుల వెంట మెట్లు మెట్లుగా కనిపించే పగులు పునాది కదిలిందని చెబుతుంది. అది అయిదు మిల్లీమీటర్లకు మించి వెడల్పుంటే, గోడకు రెండువైపులా కనిపిస్తే, పైన వెడల్పుగా కింద సన్నగా ఉంటే ఇంజినీరు మాట తప్పక కావాలి. పగులు పాతదా, ఇప్పటికీ నడుస్తోందా తెలుసుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది. పగులుకు అడ్డంగా ఒక పలుచని గాజుముక్కను రెండు చివరలా సిమెంటుతో అంటించి, పక్కన తేదీ రాసి వదిలేయాలి. గోడ కదిలితే గాజు విరుగుతుంది. ఒక వానాకాలం గడిచాక కూడా గాజు నిలిచిందంటే పగులు చాలామటుకు ఆగినట్టే. పగుల్లో సాలెపురుగు గూళ్లు, దుమ్ము, పాత సున్నం ఉన్నా అది పాతదని అర్థం. లోపల ఇటుక ఎర్రగా, శుభ్రంగా కనబడితే కొత్తది.

గోడ అడుగున మోకాలెత్తు దాకా తెల్లటి ఉప్పు తేలి, గిలాబా చేత్తో రాలుతుంటే నేలలోని నిమ్ము పైకెక్కుతోందన్నమాట. చాలా పాత ఇళ్లలో పునాదికీ గోడకూ మధ్య నిమ్మును ఆపే పొర వేయలేదు. దాని మీద మళ్లీ మళ్లీ రంగేయడం వృథా. బాగుచేసే పద్ధతులున్నాయి, ఖర్చు లెక్కలో రాసుకోవాలంతే.

పెంకుటింటికి కప్పు మార్చడం కష్టం కాదు. దూలాలను మాత్రం గోడలోకి దూరిన చివర్ల దగ్గర చూడాలి. సాలు కర్ర గట్టిదే అయినా తడి గోడలో ఉన్న కొస ముందు కుళ్లుతుంది, చెదలూ అక్కడే మొదలవుతాయి. స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. అంగుళం లోపలికి సులువుగా దిగితే ఆ దూలం లెక్కలోంచి పోయినట్టే.

శ్లాబు ఇల్లైతే ఇంకా జాగ్రత్త. శ్లాబు అడుగున ఇనుముకు కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర ఉండాలని ప్రమాణం చెబుతోంది. చాలా పాత ఇళ్లలో అంత ఉండదు. తడి తగిలి ఇనుము తుప్పు పడితే ఆ తుప్పు ఇనుము కంటే ఎన్నో రెట్ల చోటు ఆక్రమించి కాంక్రీటును లోపల్నుంచి పగలగొడుతుంది. కడ్డీల వరసలోనే గోధుమరంగు చారలు, పెచ్చులు కనిపిస్తాయి. చిన్న సుత్తితో శ్లాబు అడుగును తట్టుకుంటూ వెళ్లండి. గట్టిగా ఖంగుమంటే మంచిది, డొల్లగా పలికితే అక్కడ పెచ్చు విడిపోయింది. ఒక మూలన గజం మేర డొల్లగా ఉంటే బాగుచేయించొచ్చు. గది సగం డొల్లగా పలికి, కడ్డీ సన్నబడి కనిపిస్తే ఆ శ్లాబును దించాల్సిందే. అలాంటి శ్లాబు కింద పసిపిల్లల్ని పడుకోబెట్టే ఇల్లు ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

వైరింగు, పైపులు, మరుగుదొడ్డి పూర్తిగా కొత్తవి వేయాలనే ముందుగా లెక్కేసుకోండి. సందు వెడల్పు కూడా కొలవండి. ఇటుక ట్రాక్టరు గుమ్మం దాకా రాకపోతే ప్రతి ఇటుకా, ప్రతి ఇసుక తట్టా మనిషి మోయాలి. కూలి అంతకంతకు పెరుగుతుంది.

లెక్క

ఊహించిన అంకెలతో ఒక ఇల్లు చూద్దాం. అమ్మే ధర 9 లక్షలు. రిజిస్ట్రీ ఖర్చులకు పదోవంతు, 90 వేలు. పాత పన్ను బకాయిలు, వకీలు, కొలతలు, ప్రకటన 40 వేలు. కప్పు 3 లక్షలు, వైరింగు, పైపులు లక్షన్నర, గచ్చు, గిలాబా, మరుగుదొడ్డి 2 లక్షలు. అంటే మరమ్మతు 6.5 లక్షలు. పాత ఇంటిని విప్పాక కనబడేవి విప్పకముందు కనబడవు కాబట్టి మరమ్మతు మీద ముప్పై శాతం అదనం, 1.95 లక్షలు. పని జరిగే ఎనిమిది నెలలు వేరే చోట అద్దె నెలకు 6 వేలు చొప్పున 48 వేలు. మొత్తం 19.23 లక్షలు. అదే వీధిలో వెంటనే కాపురం పెట్టగల ఇల్లు 20 లక్షలకు దొరుకుతుంటే, ఈ బేరంలో మిగిలేది 77 వేలు. రిటైరైన దంపతులు ఎండలో ఎనిమిది నెలలు కూలీల వెంట నిలబడినందుకు అది చాలదు.

ధర 6 లక్షలకు దిగితే? మిగతా ఖర్చులు అలాగే ఉంటే మొత్తం 16.23 లక్షలు అవుతుంది, 3.77 లక్షలు మిగిలినట్టు కనిపిస్తుంది. ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. స్టాంపు సుంకాన్ని మీరిచ్చే ధర, ప్రభుత్వ గైడ్‌లైన్ విలువ రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద లెక్కిస్తారు. గైడ్‌లైన్ 9 లక్షలైతే ధర తగ్గినా సుంకం తగ్గదు. రెండోది ఆదాయపు పన్ను. గైడ్‌లైన్ విలువకూ కొన్న ధరకూ తేడా 50 వేలు దాటి, కొన్న ధరలో పది శాతం కూడా దాటితే, ఆ తేడా మొత్తాన్ని కొన్నవాళ్ల ఆదాయంగా లెక్కిస్తారు. 9 లక్షల విలువను 6 లక్షలకు కొంటే 3 లక్షలు ఆ ఏడాది మీ ఆదాయంలో చేరతాయి. ఇల్లు నిజంగా అంత విలువ చేయదనుకుంటే వాల్యుయేషన్ అధికారికి పంపమని కోరే హక్కుంది. కొనకముందే ఆడిటరును అడిగి తెలుసుకోండి. రిజిస్ట్రీ ఇంటి ఆడవాళ్ల పేర పెడితే ఛత్తీస్‌గఢ్‌లో సుంకంలో రాయితీ ఉంది. భార్య పేరన ఇల్లుండడం ఆ వయసులో ఆమెకు భద్రత కూడా.

ఈ లెక్కను ఇంకోవైపు నుంచీ చూడాలి. అంతే స్థలం ఖాళీగా అదే పేటలో ఎంత పలుకుతోంది? పాత ఇంటిని కూల్చి, చెత్త ఎత్తించడానికి అయ్యే ఖర్చు అందులోంచి తీసేస్తే వచ్చేదే నిజంగా పాడుబడిన ఇంటి ధర. పెంకులు, కర్ర, ఇనుము అమ్మితే కొంత తిరిగి వస్తుంది. అమ్మేవాళ్లు ఇంటికి విడిగా విలువ కడుతుంటే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి.

ఎప్పుడు కొనొచ్చు

కొనదగ్గ పాత ఇళ్లు లేకపోలేదు. రిజిస్టరు దస్తావేజుల గొలుసు తెగకుండా ఉండాలి. వారసులందరూ వచ్చి సంతకం పెట్టాలి. ఇల్లు వీధికంటే ఎత్తులో ఉండాలి. గోడలు నిలకడగా ఉండి కప్పు మాత్రమే పోయుండాలి. అన్ని ఖర్చులూ కలిపాక, సిద్ధంగా ఉన్న ఇంటి ధరకంటే అయిదోవంతైనా తక్కువ కావాలి. దూరంగా స్థిరపడిన అన్నదమ్ములు తగువు లేకుండా త్వరగా తెంచుకోవాలనుకున్నప్పుడు ఇలాంటి ఇల్లు నిజంగానే చవగ్గా వస్తుంది. స్టేషనూ ఆసుపత్రీ దగ్గరగా, తెలుగు మాట వినిపించే వీధిలో అది ఉంటే ఆ సౌఖ్యానికి కొంత ఎక్కువిచ్చినా నష్టం లేదు.

తొందర పెట్టేవాళ్ల మాట వినకండి. "రేపు ఇంకొకరు బయానా ఇస్తున్నారు" అంటే ఇవ్వనివ్వండి. మీరిచ్చే బయానా చిన్నదిగా, చెక్కు రూపంలో ఉండాలి. హక్కుల పరిశీలనలో లోపం బయటపడితే ఇన్ని రోజుల్లో డబ్బు తిరిగిస్తామని రాతలో ఉండాలి. ఆ ఒక్క వాక్యం రాయడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఇంటి సంగతి మీకు తెలిసిపోయినట్టే.

గ్రాట్యుటీ మనిషి జీవితంలో ఒక్కసారే చేతికొస్తుంది. దానితో కొన్న ఇంటికి కప్పు తర్వాత వేయించుకోవచ్చు, గచ్చు ఇంకో ఏడాది చేయించుకోవచ్చు, రంగు పిల్లలు వేయిస్తారు. హక్కు మాత్రం కొన్నరోజే పూర్తిగా చేతికి రావాలి. రానిదాన్ని వద్దనడానికి మొహమాటపడకండి.